పిడుగునకు త్రోవ చూపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్

వేసవి ముదిరి, కళ్లములలో మిరపకాయ ఎండుచుండు దినములలో మన గుంటూరు సీమయందు సాయంకాలపు మబ్బులు లేచుట అందరెరిగినదే. దిక్కొకటి నల్లబడును, గాలిదుమ్ము రేగును, మెఱుపు మెఱయును. ఉఱుము వినబడినంతనే ఇంటనున్న ముదుసలులు అర్జునుని పేరులు వరుసగా తలచుకొందురు. ఆ పేరులు భయమును తగ్గించును గాని, పిడుగు పడు చోటును మార్పజాలవు. 2018వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీని ఆంధ్రప్రదేశమునందు 13 గంటల కాలములో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారు లెక్కించిరి. ఇంతటి శక్తినుండి గృహములను కాపాడుకొను ఉపాయమును లోకమునకు నేర్పినవాడు కొవ్వొత్తులమ్ము ఒక సామాన్యుని కుమారుడు. ఆతని చరిత్రము విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఎరుగదగినది.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీని ఉత్తర అమెరికాలోని బోస్టన్ నగరమున జన్మించెను. తండ్రియగు జోసయా కొవ్వొత్తులును, సబ్బును చేసి అమ్ముకొని జీవించువాడు. ఆయనకు పదునేడుగురు బిడ్డలు. వారిలో బెంజమిన్ పదునైదవవాడు. ఇంత సంసారమును ఈదవలసిన తండ్రికి కుమారుని చదివించు శక్తి చాలలేదు. బాలుడు బడికి పోయినది రెండేండ్లు మాత్రమే. పదియవయేట బడి మాని తండ్రి పనిలో తోడ్పడెను. పండ్రెండవయేట అన్నయగు జేమ్స్ నడపుచున్న అచ్చుకూటమున పని నేర్చుకొన చేరెను. పగలెల్ల శ్రమపడి, ఎరవు తెచ్చిన పుస్తకములను రాత్రులు చదివి, తెల్లవారునప్పటికి వాటిని భద్రముగా తిరిగి ఇచ్చుచుండెను. బడి విడిచెనే గాని విద్యను విడువలేదు.

అన్నతో పొసగక, 1723లో, తన పదునేడవయేట, ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా నగరమునకు చేరెను. ఈ నగరము పేరు మన గుంటూరువారికి క్రొత్తది కాదు. 1842లో గుంటూరునకు వచ్చి బడులు నెలకొల్పిన హయ్యర్ గారు బాల్యమున జర్మనీని విడిచి చేరుకొన్నది ఈ నగరమే. ఫ్రాంక్లిన్ అచ్చట క్రమముగా సొంత అచ్చుకూటము పెట్టి, 1729లో ఒక వార్తాపత్రికను చేపట్టెను. 1731లో మిత్రులతో కలిసి చందాలతో నడచు గ్రంథాలయమును స్థాపించెను. 1732లో పేద రిచర్డు అను కల్పితనామముతో పంచాంగమును అచ్చువేయ నారంభించెను. నాటి ఇండ్లలో కొయ్య మెండు, అగ్నిభయమును మెండు. కావున 1736లో ఇరుగుపొరుగువారిని కూర్చి మంటలార్పు సంఘము నొకదానిని ఏర్పరచెను. ఇల్లు కాలిన పిదప ఆర్పుటకన్న కాలకుండ చూచుకొనుట మేలను తలంపు ఆతనికి అప్పటినుండియే గలదు.

నలువది రెండేండ్లకే వ్యాపారమును భాగస్వామికి అప్పగించి, ఫ్రాంక్లిన్ తన తీరికనెల్ల శాస్త్రపరిశోధనకు వినియోగించెను. ఆ కాలమున ఐరోపాలో విద్యుత్తు ఒక వింత వినోదము. గాజుగొట్టమును రుద్ది నిప్పురవ్వలు రాల్చుటయు, లేడెన్ జాడీలో విద్యుత్తును నిలువచేసి జనులకు జలదరింపు కలిగించుటయు సభలలో చూపుచుండిరి. లండన్ వర్తకుడైన పీటర్ కాలిన్సన్ పంపిన గాజుగొట్టముతో ఫ్రాంక్లినును ఆ వినోదమే మొదలిడెను గాని, అందులో కారణములను వెదకెను. విద్యుత్తుగల గోళమువద్దకు మొన తేలిన ఇనుపసూదిని చేర్చినచో అది దూరమునుండియే నిశ్శబ్దముగా విద్యుత్తును లాగుకొనుచుండుట ఆతడు కనిపెట్టెను. ఆకాశమందలి మెఱుపును, జాడీలోని రవ్వయు ఒక్కటే యైనచో, ఎత్తైన కట్టడముపై నిలిపిన ఇనుపమొనకు మేఘములోని విద్యుత్తును చిక్కవలెను గదా యని తర్కించి, ఈ పరీక్షావిధానమును 1750లో వ్రాసి పంపెను. ఆతని లేఖలు 1751లో లండన్ నగరమున పుస్తకముగా వెలువడెను.

ఆ పుస్తకమును ఫ్రెంచి భాషలోనికి మార్చిన డాలిబార్ అను పండితుడు పారిస్ నగరమునకు చేరువనున్న మార్లీ గ్రామమున సుమారు నలువదడుగుల ఇనుపకడ్డీని నిలిపించెను. 1752 మే 10వ తేదీని ఉఱుములతో మేఘము రాగా, అచ్చట కాపున్న ముదుసలి సైనికుడు ఆ కడ్డీనుండి రవ్వలను రాబట్టెను. ఈ వార్త సముద్రము దాటి రాకమునుపే, ఆ యేటి జూన్ నెలలో ఫ్రాంక్లిన్ తన కుమారుడు విలియముతో గాలిపటము నెగురవేసి అదే సత్యమును తెలిసికొనెను. దేవదారు బద్దలకు పట్టుగుడ్డ కట్టి, పైన ఇనుపమొన నిలిపి, జనపనారత్రాటి కొసను తాళపుచెవిని వ్రేలాడదీసి, తన చేతికి మాత్రము పొడిగానున్న పట్టునాడాను పట్టుకొని చూరుక్రింద నిలిచెను. త్రాడు నూగులు నిక్కపొడుచుకొనెను. వ్రేలిమడిమ చేర్చగా తాళపుచెవినుండి రవ్వ రాలెను.

చిత్రపటములలో గాలిపటముపై పిడుగు పడినట్లు చూపుదురు, అది సరికాదు. పిడుగే పడియున్నచో ఆతడు బ్రదికెడివాడు కాడు. మేఘము క్రింద గాలిలో వ్యాపించిన కొలది విద్యుత్తు మాత్రమే ఆ త్రాటిని చేరెను. అయినను ఆ పరీక్ష ప్రాణాంతకమైనదే. మరుసటి యేడు, 1753లో, రష్యా రాజధానియైన సెంట్ పీటర్స్‌బర్గులో రిఖ్మన్ అను ఆచార్యుడు ఇంటిపైనుండి గదిలోనికి దింపిన కడ్డీవద్ద పరిశీలన చేయుచు, తలకు విద్యుద్ఘాతము తగిలి ఆ క్షణమే మరణించెను. ఆ కడ్డీకి భూమితో సంబంధము లేదు. వచ్చిన విద్యుత్తునకు దిగిపోవు త్రోవ లేక మనుష్యదేహమే త్రోవ యయ్యెను. బాలబాలికలారా! ఫ్రాంక్లిన్ చేసినదానిని అనుకరింపరాదు. ఆతడు తెలిసికొన్నదానిని మాత్రమే అనుసరింపవలెను.

తెలిసికొన్నదానిని ఫ్రాంక్లిన్ దాచుకొనలేదు. 1753వ సంవత్సరపు పంచాంగములోనే ఇండ్లను పిడుగునుండి కాపాడు విధమును సామాన్యులకు బోధపడునట్లు ప్రకటించెను. ఇనుపకడ్డీ యొక్క క్రింది కొస మూడు నాలుగడుగులు తేమగల నేలలో నుండవలెను. పై కొస ఇంటి శిఖరముకన్న ఆరెనిమిది అడుగులు ఎత్తుగా నుండవలెను. దాని చివర మొనదేలిన ఇత్తడి తీగ నుంచవలెను. దీనినే మన పాఠ్యపుస్తకములలో తటిద్వాహకమందురు. దీనిపై ఆతడు పేటెంటు కోరలేదు; ఎవ్వరివద్దను పైకము గొనలేదు. ఇతరులు కనిపెట్టినవాటివలన మనము లాభము పొందుచున్నాము గనుక, మనము కనిపెట్టినదానిని సంతోషముతో పంచిపెట్టవలెనని ఆతని సిద్ధాంతము. ఆ యేడే లండన్ రాయల్ సొసైటీవారు ఆతనికి కాప్లే పతకమునిచ్చి గౌరవించిరి.

మంచిపనికి విఘ్నములు తప్పవు. 1755లో బోస్టన్ ప్రాంతమున భూమి కంపింపగా, అచ్చటి బోధకుడొకడు ఇనుపకడ్డీలు ఆకాశపు విద్యుత్తును భూమిలోనికి దింపుటయే కారణము కావచ్చునని శంకించెను. హార్వర్డు ఆచార్యుడు విన్‌త్రాప్ ఆ శంకను ఖండించెను. ఫ్రాన్సులో సెంటోమేర్ పట్టణమున 1780లో ఒకడు తన యింటికి కడ్డీ పెట్టగా, ఇరుగుపొరుగువారు భయపడి అధికారులచే దానిని తీయించు ఉత్తరువు తెప్పించిరి. వ్యవహారము న్యాయస్థానమున కెక్కి, 1783లో కడ్డీ యజమానికే జయము కలిగెను. ఆతని పక్షమున వాదించిన యువకుడు పిమ్మట ఫ్రెంచి విప్లవములో ప్రసిద్ధికెక్కిన రోబెస్పియర్.

అనుభవమే ఈ వివాదమును తీర్చినది. ఫిలడెల్ఫియాలో వెస్ట్ అను వర్తకుని యింటిమీద పిడుగుపడగా కడ్డీ మొన కరగెను గాని ఇల్లు చెక్కుచెదరలేదు. ఫ్రాంక్లిన్ దీర్ఘకాలము ఫ్రాన్సులో నుండి తిరిగి వచ్చిన పిదప, తన యింటి కడ్డీ మొనయు అట్లే కరగియుండుట కనుగొనెను. తాను లేని దినములలో తన సృష్టి తన గృహమును కాపాడినది. మొన మేఘమును నిశ్శబ్దముగా ఖాళీచేయునని ఆతడు మొదట ఆశపడెను. అంతటి మేఘమును ఒక మొన ఖాళీచేయజాలదని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పడనున్న పిడుగును తనపై బడనిచ్చి, గోడలకు హాని లేకుండ భూమిలోనికి దింపుటయే కడ్డీ చేయు పని.

ఫ్రాంక్లిన్ జీవితములో శాస్త్రము ఒక భాగము మాత్రమే. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినవారిలో ఆతడొకడు. ఆ యేటి చివరనుండి 1785 వరకు ఫ్రాన్సులో రాయబారిగా నుండి, 1783 నాటి సంధిని కుదిర్చినవారిలో ఒకడయ్యెను. 1787లో రాజ్యాంగ సభలో పాల్గొనెను. తన యింటను బానిసలనుంచుకొన్న దోషము ఆతనికిని గలదు. కాని వార్ధక్యమున ఆ దురాచారమును ఎదిరించి, 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో కాంగ్రెసునకు విజ్ఞాపనము పంపెను. ఆ యేడే ఏప్రిల్ 17వ తేదీని, తన 84వ యేట, ఫిలడెల్ఫియాలో కన్నుమూసెను.

ఆతని ఉపదేశము మన బ్రాడీపేట ఇండ్లకు నేడెట్లు పనికివచ్చును? ఆతని కాలమున ఇండ్లలోనికి కరెంటు తీగలు లేవు, మనకు కలవు. దూరమున పిడుగుపడినను, రెప్పపాటున పొంగిన హెచ్చు వోల్టేజి తీగల వెంబడి వచ్చి టెలివిజను, ఫ్రిజ్జు మొదలగువానిని కాల్చివేయగలదు. మిద్దెపై కడ్డీ ఇంటిని కాపాడును గాని వీనిని కాపాడజాలదు. వీనికై మెయిను బోర్డువద్ద సర్జ్ రక్షణ పరికరమును వేరుగా అమర్పవలెను. అదియు మంచి ఎర్తు ఉన్నప్పుడే పనిచేయును. ఇంటిలోని ఎర్తులన్నియు ఒకదానితో నొకటి కలిసియుండవలెను. మన నల్లరేగడి నేల వేసవిలో ఎండి నెర్రెలు వాయును గనుక, ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంటలో నీరు పోయుట మరువరాదు. తేమగల నేలయని ఫ్రాంక్లిన్ చెప్పినది ఇందులకే. ఈ పనులు తెలిసిన ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. మబ్బు దూరముగా నున్నప్పుడే ప్లగ్గులను ఊడదీయుట ఖర్చులేని ఉపాయము.

సొత్తుకన్న ప్రాణము మిన్న. మెఱుపు కనబడినది మొదలు ఉఱుము వినబడువరకు అంకెలు లెక్కింపుడు. శబ్దము మూడు సెకండ్లకు సుమారొక కిలోమీటరు చొప్పున వచ్చును. ముప్పదికి లోపుగా ఉఱుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్లలోనే యున్నది. వెంటనే పక్కాయింటిలోనికి పోవలెను. కడపటి ఉఱుము వినబడిన ముప్పది నిమిషముల వరకు వెలికి రాకూడదు. ప్రత్తిచేలలోను, కళ్లములలోను పనిచేయువారు చింతచెట్టు క్రిందను, తాటిచెట్టు క్రిందను చేరరాదు. పిడుగుపాటునకు గురియైనవాని దేహములో విద్యుత్తు నిలిచియుండదు. తాకుటకు వెరువక, శ్వాస నిలిచియున్నచో ఛాతీని నొక్కి ఊపిరి పోయుచు వైద్యసహాయము పిలువవలెను. ఈ ఒక్క సంగతి ఎరుగక ఇరుగుపొరుగువారు దూరముగా నిలిచిపోయినచో ప్రాణము దక్కదు.

రెండేండ్ల బడిచదువుతో బయలుదేరిన బాలుడు పిడుగును జయించెనని లోకులందురు. నిజమునకు ఆతడు పిడుగును జయింపలేదు. దాని స్వభావమును ఓర్పుతో తెలిసికొని, దానికొక త్రోవ చూపెను. తెలిసిన త్రోవను వెలయడుగక ఇరుగుపొరుగువారికి చెప్పెను. మన పాఠశాలలో నేర్చిన విషయమును ప్రతి విద్యార్థియు నేటి సాయంకాలమే తన యింట చెప్పినచో, అదియే ఆ మహనీయునకు మనము చేయదగిన గౌరవము.