తలపై చేయి పెట్టుకొన్న ప్రార్థన
(అజరయ్య బిషప్పుగారి జీవితము)

ధ్యానమునకు: ఎఫెసీయులకు 2:11–22; మత్తయి 5:23–24



యూదులకును అన్యజనులకును నడుమనున్న అడ్డుగోడను క్రీస్తు తన శరీరముచేతనే పడగొట్టెనని పౌలు ఎఫెసీ సంఘమునకు బోధించెను. ప్రభువు మాటలతో మాత్రమే మనలను సమాధానపరచలేదు. దేహమును అప్పగించి సమాధానపరచెను. కనుక మన ప్రార్థనయు పెదవులయొద్దనే ఆగిపోరాదు. మోకాళ్లు వంగవలెను, చేతులు కలియవలెను. ఈ సత్యమును మన సీమలోనే బ్రదికి చూపిన దైవజనుడు అజరయ్య బిషప్పుగారు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమందలి వెళ్లాలన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి సంఘ గురువు. తాటిచెట్లను నమ్ముకొని బ్రదికిన నాడార్లు వారి పూర్వులు. లోకము చిన్నచూపు చూచిన కులమే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుచుండగా పరీక్షల వేళ జబ్బుపడి పట్టా లేకయే బయటికి వచ్చిరి. అయినను దేవుడు వారిని విడువలేదు. వై.ఎం.సి.ఏ. సేవలో ఊరూర తిరిగిరి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో మిషను స్థాపించుటకు ముఖ్యులైరి.

ఇతరులను పంపిన ఆయన, తానే వెళ్లవలెనని గ్రహించెను. 1909లో గురువుగా అభిషేకము పొంది, అప్పటి నిజాం రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చిరి. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెం ప్రాంతములును ఆనాడు ఆ రాజ్యములోనివే. భాష కొత్త, మనుష్యులు కొత్త. ముప్పదియైదేండ్ల ప్రాయమున చిన్నపిల్లవానివలె తెలుగు అక్షరములు దిద్దుకొనిరి. తన భాషను, తన సుఖమును ప్రభువు పాదములయొద్ద పెట్టుట సమర్పణ గాక మరేమి?

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వారు ప్రసంగించిరి. విదేశ మిషనరీల త్యాగమునకు భారత సంఘము కృతజ్ఞత కలిగియున్నదనియు, అయితే తమకు కావలసినది స్నేహితులనియు నిర్భయముగా చెప్పిరి. ఆ మాట కొందరికి కష్టము కలిగించెను. గాయమును కప్పిపుచ్చినయెడల అది మానదు. విప్పి చూపినప్పుడే మందు పెట్టగలము. ఆయన కోపముతో దూరము జరుగలేదు, ఆ మిషనరీలతోనే కలిసి పనిచేసిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఎడ్లబండిమీద, సైకిలుమీద పల్లెలు తిరుగుచు ఆయన చూచిన గోడ మరియొకటి గలదు. మాలలు, మాదిగలు ఒకే ప్రభువును నమ్మియు ఒకరి చేతి నీళ్లు ఒకరు త్రాగకుండిరి. క్రీస్తునందు బాప్తిస్మము పొందినవారు కలిసి ఆరాధింపవలెననియు, కలిసి భుజింపవలెననియు ఆయన గట్టిగా బోధించిరి. ప్రభువు పాత్ర ఒక్కటే గదా! బల్లయొద్ద ఒకటై, ఇంటియొద్ద వేరగుట యెట్లు?

పల్లె సంఘములలో ఆయన చేయించిన ఒక ప్రార్థన నేటికిని చెప్పుకొందురు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన చేయి తన తలపై పెట్టుకొని, తాను బాప్తిస్మము పొందినవాడననియు, సువార్త ప్రకటింపనియెడల తనకు శ్రమయనియు ఆయనతోకూడ పలుకవలెను. అది 1 కొరింథీయులకు 9:16లోని పౌలు తలంపే. తలపై చేయి వేసి చెప్పిన మాట ఎంత బరువైనదో మన పల్లెవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అక్షరము రానివాడును ఆ ప్రార్థన మరువడు. బాప్తిస్మపు నీళ్లు పడిన తల అదే. పొరుగువాని ముందు వంగవలసిన తలయు అదే.

1919లో తరంగంబాడిలో వేరువేరు సంఘముల గురువులు కూడి ఐక్యతకు పూనుకొన్నప్పుడు ఆయన ముందు నడిచిరి. దోర్నకల్‌లో ఏండ్ల తరబడి కట్టిన కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. విత్తినవాడు కోతను కన్నులార చూడలేదు. అయినను పంట పండెను.

ప్రియులారా, చేని గట్టుకొరకు అన్నతో మాటలు మానినవారు మనలో లేరా? సంఘ పెద్దరికముకొరకు ముఖము తిప్పుకొనువారు లేరా? కానుక పట్టుకొని బలిపీఠమువద్దకు వచ్చినవాడు సహోదరుని బాధ జ్ఞాపకము రాగా, కానుక అక్కడనే విడిచి ముందు సమాధానపడవలెనని ప్రభువు సెలవిచ్చెను. అందుకు కాళ్లు కదలవలెను. కావున ఈ నెల ప్రభురాత్రి భోజనమునకు ముందు ఇంటిలో మోకాళ్లూని, చేయి తలపై పెట్టుకొని, మన బాప్తిస్మమును తలంచుకొందము. పిమ్మట లేచి ఆ గడప తొక్కుదము.

ప్రార్థన: సమాధానకర్తవగు ప్రభువా, మా తలను వంచుము, మా చేతులను కలుపుము. ఆమేన్.