దేశాన్ని ప్రేమించి, దేశాన్ని గద్దించిన కాపరి

తార్నాక నుంచి ఉస్మానియా ప్రాంగణంలోకి అడుగుపెడితే అమెరికా కలలు కనే విద్యార్థులు ఎందరో కనిపిస్తారు. అమెరికా చరిత్రను, సాహిత్యాన్ని మన దేశంలోనే అధ్యయనం చేసేందుకు అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ 1964లో ఆ ప్రాంగణంలోనే ఏర్పడింది. అదే ఏడాది అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చింది. దానికోసం జైళ్లకు వెళ్లిన ఒక నల్లజాతి పాస్టర్‌కు ఆ ఏడాదే నోబెల్ శాంతి బహుమతి లభించింది. ఆయనే మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్. అసలు అమెరికన్ అంటే ఎవరు? ఈ ప్రశ్నకు ఆయన ప్రాణమిచ్చి జవాబు చెప్పారు.

1929 జనవరి 15న అట్లాంటాలో ఒక పాస్టర్ ఇంట ఆయన పుట్టారు. ఆరేళ్ల వయసులో, తనతో రోజూ ఆడుకునే తెల్లజాతి పిల్లవాణ్ణి అతని తల్లిదండ్రులు ఇక ఆడుకోవద్దని ఆపేశారు. ఆ గాయం ఆయన మరచిపోలేదు. కానీ ద్వేషించవద్దని, ప్రేమించడం క్రైస్తవుని బాధ్యతని తల్లిదండ్రులు నేర్పారు.

1954లో మాంట్‌గోమరీలో కాపరి అయ్యారు. 1955 డిసెంబరులో బస్సులో సీటు వదలనందుకు రోజా పార్క్స్ అరెస్టవడంతో నల్లజాతివారు 381 రోజులు బస్సులెక్కలేదు. బెదిరింపులతో కుంగిపోయిన ఒక అర్ధరాత్రి కింగ్ వంటగదిలో ఒంటరిగా ప్రార్థించి ధైర్యం పొందారు. కొద్దిరోజులకే ఆయన ఇంటిపై బాంబు పడింది. లోపలున్న భార్య, పసిబిడ్డ క్షేమంగా బయటపడ్డారు. ఆగ్రహంతో ఆయుధాలు పట్టుకొచ్చిన తనవారిని కింగ్ శాంతపరచి ఇళ్లకు పంపేశారు!

1959లో నెల రోజులు భారతదేశంలో పర్యటించారు. కేరళలో దళిత విద్యార్థులున్న ఒక పాఠశాలలో ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశారు. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచించేకొద్దీ అది నిజమేననిపించిందని 1965లో తన సంఘంతో పంచుకున్నారు.

1963లో బర్మింగ్‌హామ్ జైల్లో ఉండగా, తొందరపడవద్దన్న ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలకు లేఖ రాశారు. శత్రువుల దౌర్జన్యం కన్నా మంచివారి మౌనమే ఆయన్ను ఎక్కువ బాధించింది. 1965లో ఓటుహక్కు చట్టం వచ్చింది. అదే ఏడాది, పుట్టిన దేశాన్నిబట్టి వలసదారులకు కోటాలు పెట్టే పాత పద్ధతి కూడా రద్దయింది. నేడు అమెరికాలో స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాలు ఆ తలుపులోనుంచే వెళ్లాయి!

1967 ఏప్రిల్ 4న వియత్నాం యుద్ధాన్ని బహిరంగంగా ఖండించినప్పుడు, నిన్నటిదాకా మెచ్చుకున్న పత్రికలే తప్పుపట్టాయి, స్నేహితులూ దూరమయ్యారు. దేశాన్ని ప్రేమించేవాడే దాని పాపాన్ని ఎత్తిచూపాలని ఆయన నమ్మారు. ఇశ్రాయేలు ప్రవక్తలు చేసిందీ అదే కదా! సరిగ్గా ఏడాదికి, 1968 ఏప్రిల్ 4న, మెంఫిస్‌లో పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా వెళ్లిన ఆయన తుపాకీ తూటాకు బలయ్యారు. అప్పటికి వయసు 39 ఏళ్లే.

అమెరికాలో ఆదివారం ఆరాధన వేళే జాతులు అత్యంత విడిపోయి ఉంటాయని కింగ్ బాధపడేవారు. మరి మన సంగతేమిటి? పరాయి దేశంలో మన పిల్లలను వారి రంగునుబట్టి చిన్నచూపు చూస్తే మనకు కోపం వస్తుంది. అదే మన సంఘంలో కులాన్నిబట్టి పెద్దరికం, వియ్యం నిర్ణయమవుతుంటే మౌనంగా ఉంటాం! క్రీస్తునందు అందరూ ఒక్కటేనని (గలతీ 3:28) పౌలు రాసింది అమెరికా సంఘాలకు మాత్రమే కాదు. వచ్చే ఆదివారం బల్ల దగ్గర మన పక్కన నిలిచేవారి ముఖంలోకి చూస్తూ ఆ మాటను మళ్లీ చదువుకుందాం.