ఆరణాల కూలి: శ్రీ టంగుటూరి అంజయ్యగారి జీవితము

ఇట్టి సంచికలలో కవుల చరిత్రములు, గ్రంథాలయోద్యమ నాయకుల చరిత్రములు అచ్చొత్తించుట వాడుక. అది సముచితమే. కాని సాయంకాలము మన పఠనమందిరమునకు వచ్చి పత్రికలు తిరుగవేయువారిలో పలువురు కర్మాగారములలో పని ముగించుకొని వచ్చువారు. అందుచే ఒక కూలివాని చరిత్రమునకు గూడ రెండు పుటలు కేటాయించుట న్యాయమని తోచినది. పైగా ఆయన పనిచేసిన కర్మాగారము బేగంపేటకు చేరువనే, సనత్‌నగరున నుండెను. ఆయన అధికారము చేజారుటకు నాంది పలికిన తావు బేగంపేట విమానాశ్రయమే. కార్మిక సంఘముల వలన శ్రామికునకు గాని దేశమునకు గాని మేలు మిగిలియున్నదా యని నేడు పలువురు ప్రశ్నించుచున్నారు. ఆ ప్రశ్నకు సిద్ధాంత గ్రంథములకంటె ఈ జీవితము మంచి సాక్ష్యము.

శ్రీ టంగుటూరి అంజయ్యగారు 1919వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన మెదకు జిల్లా భానూరు గ్రామమున జన్మించిరి. నేడా యూరు సంగారెడ్డి జిల్లాలోనిది. భారత్ డైనమిక్స్ వారి ఆయుధ కర్మాగార మొకటి ఇపుడచ్చట నున్నది. పేదకుటుంబమగుటచే ఆయనకు పై చదువులు చదువ వీలు చిక్కలేదు. నగరము చేరి హైదరాబాదు ఆల్విన్ మెటల్ వర్క్స్‌లో దినమునకు ఆరణాల కూలికి కుదిరిరి. 1942లో నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు, అల్లాద్దీన్ కంపెనీయు కలసి నెలకొల్పిన కర్మాగార మది. ఇనుప బీరువాలు, కుర్చీలు చేయుటతో పాటు బస్సులకు పైకట్టు కట్టుటలో అది పేరు గడించెను.

ఆరణాలనగా ఎంత? నెలకు ఇరువదియారు పనిదినములని లెక్కించినచో తొమ్మిది రూపాయల పండ్రెండణాలు. ఏ నాణెమున లెక్కించినను అది ఒక సంసారమునకు చాలీచాలని సొమ్ము. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. ఆ కూలి ఎంతయో నిర్ణయించుటలో కూలివానికి పాత్ర లేదు. ఒక్కడు యజమాని గదికి పోయి పెంచుమని యడిగినచో మరునాడు వాని స్థానమున మరియొకడు నిలుచును. నూర్గురు కలసి యడిగినచో నూర్గురను ఒక్కనాట మార్చుట యజమానికే నష్టము. సంఘబలమంతయు ఈ చిన్న లెక్కలో నున్నది. అంజయ్యగారు ఈ లెక్కను పుస్తకములలో చదివి కాక, పనిముట్టు పట్టి నేర్చినవారు.

బ్రిటిషిండియాలో 1926లోనే కార్మిక సంఘముల చట్టము వచ్చెను గాని నిజాము రాజ్యమునకు అది వర్తింపలేదు. అయినను 1946లో మఖ్దూం మొహియుద్దీన్, రాజబహదూర్ గౌర్ ప్రభృతులు అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసును స్థాపించిరి. 1947 మే నెలలో కాంగ్రెసు వారి ఐ.ఎన్.టి.యు.సి. పుట్టెను. మొదటివారి త్రోవ ఎఱ్ఱజెండా త్రోవ. అంజయ్యగారు రెండవవారితో నడచి, ఆల్విన్ కార్మికుల నాయకులై, క్రమముగ నగరమందలి ఇతర కర్మాగారముల వారికిని పెద్దదిక్కైరి.

సంఘమనగానే సమ్మె యని భయపడువారు కలరు. భారతమున ఉద్యోగపర్వము చదివినవారికి ఆ భయ మక్కరలేదు. యుద్ధమునకు ముందు రాయబారము, అయిదూళ్లిచ్చినను చాలునను బేరము అచ్చటనే కలవు. కాని అడుగువాని వెనుక సేన లేకున్నచో రాయబారి మాట ఎవ్వరును చెవిని బెట్టరు. సమ్మె హక్కు లేని సంఘముయొక్క వినతిపత్రము గూడ అట్టిదే.

ఇక దేశ సంపద మాట. యజమాని చిట్టాలో కూలి ఖర్చుపద్దు. అదే సొమ్ము ఎఱ్ఱగడ్డలో కూరగాయల వానికి జమ, అమీరుపేటలో బట్టలకొట్టునకు జమ. ఒక పుస్తకమున ఖర్చైనది పది పుస్తకములలో జమ యగుట లెక్కలు వ్రాయు ప్రతివానికి తెలిసినదే. సంఘములు సంపదను హరించునని వాదించువారు మొదటి పుస్తకమును మాత్రమే తెరచి చూపుదురు. సనత్‌నగరున ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది. జబ్బుపడిన పనివానికి వైద్యమును, పనిలేని దినములకు భృతియు లభించు ఆ యేర్పాటు 1948 నాటి చట్టము వలన కలిగినది. ఆరోగ్యము కుదిరి మరల పనిలోనికి వచ్చినవాడు ఏ పద్దున చేరునో వారు చెప్పరు.

అంజయ్యగారు 1962లో ముషీరాబాదు నుండి శాసనసభకు ఎన్నికైరి. మిల్లులును, కర్మాగారములును గల ప్రాంత మది. మరి రెండు పర్యాయములు అచ్చటనే గెలిచి, రాష్ట్ర కార్మిక మంత్రియు నైరి. 1978లో అదే ముషీరాబాదులో ఆయనను ఓడించిన నాయిని నరసింహారెడ్డిగారు గూడ కార్మిక సంఘ నాయకులే యగుట గమనింపదగినది. నచ్చనపుడు నాయకుని మార్చుకొను తెలివి పనివారికి కలదు.

1980లో కేంద్రమున కార్మికశాఖ సహాయమంత్రిగ నుండిన అంజయ్యగారిని, ఆ యేడు అక్టోబరు 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పీఠముపై కూర్చుండబెట్టిరి. పేరునకు శాసనసభాపక్షపు ఎన్నికయే యైనను, నిర్ణయము ఢిల్లీలో జరిగినది. ఎల్లరను మెప్పింపబోయి సుమారు అరువది మందితో మంత్రివర్గమును నింపిరి. అది ఆయన మంచితనమనువారు కలరు. నా మట్టుకు అది బలహీనత. తన కాళ్లపై నిలిచిన నాయకునకు అంతమందిని మెప్పింపవలసిన పని యుండదు.

1982 ఫిబ్రవరిలో ప్రధాని ఇందిరాగాంధీగారి కుమారుడు, అమేథీ లోక్‌సభ సభ్యుడు అగు రాజీవ్ గాంధీగారు బేగంపేట విమానాశ్రయమున దిగిరి. ముఖ్యమంత్రి జనమును, డప్పులను, పూలదండలను వెంటబెట్టుకొని స్వాగతమునకు పోయిరి. అతిథికి ఆ ఆర్భాటము రుచింపలేదు. అందరి యెదుటనే ముఖ్యమంత్రిని కఠినముగ మందలించిరి. ఆ నెల 24వ తేదీన అంజయ్యగారు పదవి వీడిరి. భవనం వెంకట్రామిరెడ్డిగారు వచ్చిరి. మార్చి 29వ తేదీన శ్రీ నందమూరి తారకరామారావుగారు తెలుగుదేశము పార్టీని స్థాపించి, ఈ యవమానమును తెలుగువారి ఆత్మగౌరవ సమస్యగ ఊరూర చాటిరి. 1983 ఎన్నికలలో కాంగ్రెసు అధికారము కోల్పోయెను.

ఈ ఘట్టము తలచినపుడెల్ల నాకు కర్ణుడు స్ఫురించును. అంగరాజ్యము దుర్యోధనుని దాన మగుటచే కర్ణుడు జీవితాంతము ఋణగ్రస్తుడు. ఆల్విన్ ద్వారమున నిలిచినపుడు అంజయ్యగారి వెనుక నున్నవారు ఆయనను నాయకునిగ ఎంచుకొన్నవారు. వారి బలముతో యజమానిని సమానుడై ప్రశ్నింపగలిగిరి. విమానాశ్రయమున వెనుక జనమెంత యున్నను, పదవి నిచ్చినవారు వారు కారు. క్రిందినుండి వచ్చిన బలమునకును, పైనుండి దిగిన పదవికిని గల భేదమిది. పార్టీలకు తోకలైన మన కార్మిక సంఘములకు గూడ ఇదియే వర్తించును.

1984 డిసెంబరు ఎన్నికలలో అంజయ్యగారు సికింద్రాబాదు నుండి లోక్‌సభకు గెలిచిరి. నాడు మందలించిన రాజీవ్ గాంధీగారే ప్రధానియై కార్మికశాఖను ఆయన చేతికిచ్చిరి. ఆయన ఆ శాఖలో నుండగా, 1985లో బోనసు చట్టమును సవరించి, నెలకు 2,500 రూపాయల జీతము వరకు గలవారికి బోనసు వర్తింపజేసిరి. 1986 అక్టోబరు 19వ తేదీన అంజయ్యగారు కాలధర్మము నొందిరి. అనంతరము ఆయన సతీమణి మణెమ్మగారు సికింద్రాబాదు లోక్‌సభ సభ్యురాలైరి. 2008 ఉప ఎన్నికలో ముషీరాబాదు శాసనసభా స్థానమును గూడ గెలిచిరి.

ఆల్విన్ మాట చెప్పవలెను. ప్రభుత్వ సంస్థయై శీతల యంత్రములు, జపానువారి సాయముతో గడియారములు, జహీరాబాదులో చిన్న లారీలు చేసిన ఆ కర్మాగారము 1990లలో నష్టములలో మునిగెను. శీతల యంత్రముల విభాగము వోల్టాస్ పరమయ్యెను. సంఘములే ముంచినవను వాదమును నేనంగీకరింపను. ఏ వ్యాపారమునకు దిగవలెనో నిర్ణయించినది పనివారు కారు. అయితే మన దేశమున సంఘములు చాలవరకు ద్వారములోని వారికే కాపలా కాసి, ద్వారము వెలుపల కాంట్రాక్టు కూలి చేయువారిని మరచుట నిజము. 1926 చట్టము క్రింద ఏడుగురు చేరిన ఒక సంఘము. అందుచే ఒక్కొక్క కర్మాగారమున నాలుగైదు జెండాలు లేచి, యజమానికి బేర మింకను సులభమయ్యెను.

2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి ఆ పాత చట్టమునకు స్వస్తి చెప్పినది. నూటికి 51 మంది సభ్యులు గల సంఘమునకే ఏకైక బేరపు హక్కు నిచ్చినది. ఇది మేలే. కాని ప్రభుత్వానుమతి లేక పనివారిని తొలగించుటకు గల పరిమితిని నూరుగురి నుండి మున్నూరుగురికి పెంచినది. ఒక చేత నిచ్చినదానిని మరియొక చేత తీసికొనుట యన్న మాట.

నేడు అమీరుపేట, పంజగుట్ట కూడళ్లలో ద్విచక్రవాహనములపై అన్నపు పొట్లములు మోయు యువకులకు కర్మాగార ద్వారమే లేదు. వారి యజమాని ఫోనులోని యొక బొమ్మ. కూలి ఎంతయో నిర్ణయించుటలో వారికిని పాత్ర లేదు. సామాజిక భద్రతా స్మృతి వారిని పేరు పెట్టి గుర్తించినది గాని, కూలి బేరమునకు కూర్చుండు పీట నింకను వేయలేదు. వారును సంఘములు కట్టుకొనుచున్నారు. ఆర్.టి.సి. చౌరస్తాలోని కార్మికశాఖ కార్యాలయ భవనమునకు అంజయ్యగారి పేరు పెట్టిరి. ఆ యువకులు తమ వినతిపత్రములు పట్టుకొని ఎక్కుచున్నది ఆ భవనపు మెట్లే.