పాత్రలకు ప్రాణం పోసిన గురజాడ



గిరీశం అనే మనిషి ఈ లోకంలో ఎప్పుడూ పుట్టలేదు. అయినా విజయనగరం బొంకులదిబ్బ పేరు వినగానే సాహిత్యం తెలిసినవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది అతనే. మధురవాణి ఇల్లు ఏ వీధిలోనూ లేదు. అయినా ఆమె మనకు తెలిసిన మనిషిలాగే ఉంటుంది. కల్పించిన పాత్రలకు ఇంత ఆయుష్షు పోసిన మహానుభావుడు గురజాడ వెంకట అప్పారావు గారు.

బాల్యం, చదువు

అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న నేటి అనకాపల్లి జిల్లాలోని రాయవరంలో జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. తండ్రి ఉద్యోగం చీపురుపల్లిలో కాబట్టి చదువు అక్కడే మొదలైంది. చిన్నతనంలోనే తండ్రి చనిపోవడంతో విజయనగరం చేరారు. అక్కడ మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు ఆ పిల్లవాడికి ఉచితంగా భోజనం, వసతి కల్పించి చదివించారు. ఈ ఒక్క విషయం మనం గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజుల్లో సోషల్ వెల్ఫేర్ హాస్టళ్ళు లేవు. ఒక పెద్దమనిషి దయే ఆయనకు హాస్టల్ అయింది. అటువంటి దయ ఆనాడు మన తాతముత్తాతల పిల్లలకు దొరకలేదు. ఈనాడు మనకు అది దయగా కాక హక్కుగా దొరుకుతోంది.

1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పాసయ్యారు. 1884లోనే హైస్కూలు టీచరుగా 25 రూపాయల జీతానికి చేరారు. 1887లో తాను చదివిన కళాశాలలోనే లెక్చరరయ్యారు. ఆనంద గజపతి మహారాజు ఆదరణ ఆయనకు లభించింది.

కన్యాశుల్కం పుట్టుక

ఆ కాలంలో కొన్ని బ్రాహ్మణ కుటుంబాలలో డబ్బు తీసుకుని పసిపిల్లలను ముసలివాళ్ళకు పెళ్ళిచేసేవారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన ఇటువంటి పెళ్ళిళ్ళకు మహారాజు లెక్క తీయిస్తే 1,034 తేలాయి. ఏడాది వయసు పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఈ లెక్కను గురజాడ తన నాటకం పీఠికలో రాశారు. లెక్క చదివితే మనసు బాధపడుతుంది కానీ కొన్నాళ్ళకు మరచిపోతాం. బాధకు ఒక ముఖం, ఒక గొంతు ఉంటే మరచిపోలేం. అందుకే ఆయన బుచ్చమ్మను, లుబ్ధావధాన్లను, అగ్నిహోత్రావధాన్లను సృష్టించారు. 1892లో నాటకం విజయనగరంలో ప్రదర్శించబడింది. 1897లో అచ్చయింది.

పాత్రలను ఎలా మలిచారు?

ఒక తెలుగు విద్యార్థిగా నేను గమనించిన మూడు విషయాలు చెబుతాను.

మొదటిది, ఎవరి మాట వారిదే. అప్పట్లో నాటకాలంటే ఎక్కువగా పురాణ కథలు, గ్రాంథిక భాష. గురజాడ మాత్రం తన చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు చెవులారా విన్నారు. గిరీశం ఇంగ్లీషు కలిపి దంచుతాడు. పూటకూళ్ళమ్మ మాట వేరు. పాలేరు అసిరిగాడి మాట వేరు. పేరు తీసేసి చదివినా ఎవరు మాట్లాడుతున్నారో చెప్పవచ్చు.

రెండవది, మనిషిని ఒకే రంగుతో గీయలేదు. గిరీశం మోసగాడు. సంఘ సంస్కరణ గురించి ఉపన్యాసాలు ఇస్తూనే ఊరిని ముంచుతాడు. అయినా అతను రంగం మీదకు వస్తే మనకు హుషారు వస్తుంది. లోకం చిన్నచూపు చూసే వేశ్య మధురవాణి. ఆమెకే అందరికంటే ఎక్కువ తెలివి, న్యాయబుద్ధి ఇచ్చారు.

మూడవది, ఓపిక. ఒకసారి రాసి వదిలెయ్యలేదు. 1909లో నాటకాన్ని బాగా పెంచి, మార్చి మళ్ళీ అచ్చువేశారు. మధురవాణి పాత్ర అప్పుడే ఇంతగా ఎదిగింది. పన్నెండేళ్ళ తరువాత కూడా ఆయన ఆ మనుషుల గురించి ఆలోచిస్తూనే ఉన్నారన్నమాట!

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. కన్యాశుల్కంలో ముఖ్య పాత్రలు ఎక్కువగా అగ్రహారాల మనుషులే. మన పేటల వాళ్ళ జీవితం అందులో అంతగా లేదు. అయితే తరువాత లవణరాజు కల అనే గేయంలో అంటరానిదన్న కన్యను రాజు పక్కన నిలబెట్టి కులభేదాన్ని ప్రశ్నించారు. మిగిలిన పని మన తరానిది.

వాడుక భాష కోసం పోరాటం

శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు ఆయనకు విజయనగరంలో సహాధ్యాయి. ఇద్దరూ కలిసి జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని పోరాడారు. గిడుగు వారు సవర భాష నేర్చుకుని సవర పిల్లల కోసం పుస్తకాలు కూడా రాశారు. గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయంలో సభ్యుడిగా ఉండి, 1914లో గ్రాంథిక పక్షానికి వ్యతిరేకంగా అసమ్మతి పత్రం సమర్పించారు. 1915 నవంబరు 30న కన్నుమూశారు.

ఆయన పోయినా పాత్రలు పోలేదు. 1955లో కన్యాశుల్కం సినిమాగా వచ్చింది. ఎన్.టి. రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా నటించారు. జె.వి. రమణమూర్తి గారు ఎన్నో ఏళ్ళు రంగస్థలం మీద గిరీశంగా మెప్పించారు.

మనం చేయవలసింది

మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. గుంట అన్నా, బేగి రా అన్నా పట్నంలో కొందరు నవ్వడం నాకు తెలుసు. మీకూ తెలుసు. ఎన్నో సినిమాల్లో మన యాస నౌకరుకో, నవ్వించే వాడికో ఇస్తారు. మన మనుషులను మనం రాయకపోతే ఇతరులు ఇలాగే రాస్తారు.

కాబట్టి తమ్ముళ్ళూ, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి. ఉద్దానం జీడితోటలో కూలిచేసే అమ్మ, పనికోసం హైదరాబాదు వలస వెళ్ళిన నాన్న, మన హాస్టల్ వంటమనిషి ఎలా మాట్లాడతారో విని ఉన్నదున్నట్టు రాయండి. వారి తప్పులూ రాయండి, తెలివీ రాయండి. వచ్చే వార్షికోత్సవానికి ఆ మనుషులతో మనమే ఒక నాటిక వేద్దాం. గురజాడకు అంతకంటే మంచి నివాళి ఉండదు.