కొత్త పుస్తకం కోసం ఎదురుచూడడం నేర్పిన మహనీయుడు: కొమర్రాజు లక్ష్మణరావు గారు

మన తరానికి కొత్త పుస్తకం మీద ఉండిన ఆత్రం ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నేను గుమాస్తాగా చేరిన 1970లలో మా ఊరి శాఖా గ్రంథాలయానికి కొత్త నవల వచ్చిందని తెలిస్తే చాలు, సాయంత్రం ఆఫీసు వదలగానే అటే పరుగు. లైబ్రేరియన్ గారు ఒక నోటుబుక్కులో వరుసగా పేర్లు రాసుకొనేవారు. ఒకసారి నా పేరు పదకొండోది. పుస్తకం నా చేతికి వచ్చేసరికి అట్ట ఊడిపోయింది, చివరి నాలుగు పేజీలు లేవు. కథ ఏమైందో పక్క సెక్షన్ టైపిస్టు గారిని అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

నవల కోసం ఎదురుచూడడం వింత కాదు. కానీ రసాయన శాస్త్రం, అర్థశాస్త్రం, దేశ చరిత్ర వంటి పుస్తకాల కోసం కూడా తెలుగువారు తపాలా బంట్రోతు రాక కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన రోజులు ఉన్నాయంటే నమ్ముతారా? ఆ రోజులు తెచ్చినవారే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులు గారు. ఈ ప్రత్యేక సంచికలో వారిని స్మరించుకోవడం నా భాగ్యంగా భావిస్తున్నాను.

లక్ష్మణరావు గారు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. ఊహ తెలియని వయసులోనే తండ్రి పోయారు. కొంతకాలం భువనగిరిలో చదివి, తరువాత అక్కగారు భండారు అచ్చమాంబ గారి వద్ద నాగపూరు ప్రాంతంలో పెరిగారు. బావగారు మాధవరావు గారు ఉద్యోగరీత్యా అక్కడ ఉండేవారు. అచ్చమాంబ గారు బడికి వెళ్లి చదువుకోలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నారు. ఆ తమ్ముడి సాయంతో చదువు నేర్చిన అక్క తరువాత కథలు రాశారు, దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలను అబలా సచ్చరిత్ర రత్నమాలగా కూర్చారు. 1905లో చిన్న వయసులోనే ఆమె కన్నుమూశారు. బడి లేకపోయినా పుస్తకం దొరికితే మనిషి ఎంత ఎదగగలడో లక్ష్మణరావు గారు తన ఇంట్లోనే చూశారు. ఆయన తరువాత చేసిన పనులన్నిటికీ బీజం ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది.

ఎం.ఏ. పూర్తిచేసి, మరాఠీలో సైతం రచనలు చేయగల పండితుడై తిరిగి వచ్చిన ఆయన మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావు గారి వద్ద దివానుగా చేరారు. శిస్తులు, తగాదాలు, కాగితాలు, కచేరీలు. అంటే మనవంటి ఉద్యోగమే, కాస్త పెద్ద కుర్చీ. అయితే ఆ కుర్చీతో ఆయన తృప్తిపడలేదు.

నిజాం రాజ్యంలో అప్పుడు తెలుగు చదువుకు ఆదరణ లేదు. కోర్టులో, కచేరీలో, బడిలో తెలుగుకు చోటు లేని కాలం. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. దాని వెనుక మునగాల రాజా వారు, రంగారావు గారు, లక్ష్మణరావు గారు ఉన్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. కృష్ణదేవరాయల పేరుతో పెట్టిన ఆ నిలయం నూరేళ్లు దాటినా సుల్తాన్ బజారులో నిలిచి ఉంది. మనలో కొందరు పరీక్షలకు చదువుకొన్నది అక్కడే.

నిలయాలు వచ్చాయి సరే, అందులో పెట్టడానికి పుస్తకాలేవి? పురాణాలు, ప్రబంధాలు, శతకాలు ఉన్నాయి. ఇంగ్లీషు రాని రైతుకు గాని, ఇల్లాలికి గాని లోకజ్ఞానం చెప్పే పుస్తకం అరుదు. ఈ లోటు తీర్చడానికే 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, రావిచెట్టు వారు మొదలైన మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. 1907లో వెలువడిన మొదటి గ్రంథం హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసల సంకెళ్లు తెంచిన మనిషి కథ పరపాలనలో ఉన్న మనకు అందించడంలోని అంతరార్థం చదువరులకు విడమరచి చెప్పనక్కర లేకపోయింది.

1908లో మండలి మద్రాసుకు మారింది. చందాదారులుగా చేరినవారికి కొత్త గ్రంథం అచ్చు కాగానే తపాలాలో ఇంటికి వెళ్లేది. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము, కట్టమంచి రామలింగారెడ్డి గారి అర్థశాస్త్రము, లక్ష్మణరావు గారి సొంత చరిత్ర గ్రంథాలు, పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం, వీటికి తోడు చారిత్రక నవలల పోటీలు, బహుమతులు. ఒక పుస్తకం వస్తే వీధి అరుగు మీద ఒకరు చదువుతుంటే పదిమంది వినేవారని మా తాతగారు చెప్పేవారు.

స్నేహంలోనూ ఆయన వెనకడుగు వేయలేదు. 1908లో స్వరాజ్య పత్రికలో రాతలకు హరిసర్వోత్తమరావు గారికి రాజద్రోహం కింద కఠిన శిక్ష పడింది. విడుదలై వచ్చిన రాజకీయ ఖైదీని ఇంటికి పిలవడానికే జనం జంకే రోజులవి. లక్ష్మణరావు గారు ఆయనను పిలిచి తన పనిలో చేర్చుకున్నారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1919లో తుదిశ్వాస విడిచింది కూడా మద్రాసులో లక్ష్మణరావు గారి ఇంట్లోనే.

ఆయన చేపట్టిన పెద్ద పని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. 1912-13 ప్రాంతంలో మొదలుపెట్టారు. ఇంగ్లీషువారికి ఉన్నట్టు సకల విషయాలూ అక్షరక్రమంలో తెలుగులో ఉండాలని సంకల్పం. పెద్ద విశ్వవిద్యాలయాలు, ధనసంపత్తి ఉన్న దేశాలలో వందలమంది చేసే పనిని ఆయన కొద్దిమంది మిత్రులతో తలకెత్తుకున్నారు. ఎన్నో వ్యాసాలు స్వయంగా రాశారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. వర్ణమాలలో మొదటి అక్షరం దాటడమే గగనమైంది. ఆంధ్రదేశాన్ని గురించిన సంపుటానికి శాసనాలు పరిశీలిస్తూ, ఆరోగ్యం క్షీణించి 1923 జులైలో మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్లు. మనం సర్వీసులో ప్రమోషన్ల కోసం అర్జీలు పెట్టుకొనే వయసు!

మా తాతగారి ట్రంకుపెట్టెలో ఆ సర్వస్వం సంపుటం ఒకటి ఉండేది. ఏడెనిమిదేళ్ల వయసులో నేను దానిలో ఏనుగు గురించి వెతికాను. కనబడలేదు. తాతగారిని అడిగితే, ఏనుగు దాకా రాయకుండానే పంతులు గారు వెళ్లిపోయారని చెప్పి పుస్తకం మూసి కళ్లకద్దుకున్నారు. ఆనాడు నాకు అర్థం కాలేదు. బల్ల మీద సగంలో ఉన్న ఫైళ్లు మరొకరికి అప్పగించి రిటైరైన రోజున అర్థమైంది.

అయితే ఆ ఫైలు మూతపడలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1930లలో దాన్ని తిరిగి చేపట్టారు. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి విషయాల వారీగా విజ్ఞాన సర్వస్వం సంపుటాలు తెచ్చింది. 2003 డిసెంబరులో కంప్యూటరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దానికీ విజ్ఞాన సర్వస్వమన్న మాటే వాడుతున్నారు. మొన్న నా మనవరాలి సెల్‌ఫోనులో ఏనుగు అని కొట్టమన్నాను. తెలుగులో వచ్చింది. దాదాపు అరవై ఏడేళ్ల తరువాత నేను వెతికిన పేజీ దొరికింది.

మిత్రులారా! మన ఇళ్లలో బీరువాల పైన, అటకల మీద ఆనాటి పుస్తకాలు ఇంకా ఉండవచ్చు. చెదలకు అప్పగించకండి. దగ్గరలోని గ్రంథాలయానికి ఇవ్వండి, లేదా మనవళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు పేజీలు చదివి వినిపించండి. లక్ష్మణరావు గారికి మనం చెల్లించగల చందా అదే.