పై స్వరాలకు ఊపిరి పోసిన జిమ్మీ రీడ్

మౌత్ ఆర్గాన్ సాధన చేసేవారందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. ఎడమవైపు రంధ్రాలు కొద్దిపాటి అభ్యాసంతోనే పలుకుతాయి. కుడివైపు చివరి రంధ్రాలకు వచ్చేసరికి స్వరం కీచుమంటుంది, లేదా అసలు పలకదు. బలం చాలలేదనుకొని మరింత గట్టిగా ఊదితే పూర్తిగా మూగబోతుంది. చాలామంది వాద్యకారులు అరుదుగా తాకే ఆ రంధ్రాలనే తన ముద్రగా మలచుకున్న కళాకారుడు అమెరికన్ బ్లూస్ గాయకుడు జిమ్మీ రీడ్.

ఆయన అసలు పేరు మాథిస్ జేమ్స్ రీడ్. 1925 సెప్టెంబరు 6న మిసిసిపీ రాష్ట్రంలో పత్తి సాగుకు పేరుపొందిన ప్రాంతంలో, డన్‌లీత్ అనే చోట జన్మించారు. గిటార్, హార్మోనికా వాదనలోని ఓనమాలను బాల్యమిత్రుడు ఎడ్డీ టేలర్ వద్ద నేర్చుకున్నారు. 1943లో బతుకుతెరువు కోసం షికాగో చేరారు. కొంతకాలానికే నౌకాదళంలో చేరవలసి వచ్చింది. 1945లో విడుదలై మిసిసిపీకి తిరిగివచ్చి మేరీని వివాహమాడారు. అనంతరం ఇండియానా రాష్ట్రంలోని గ్యారీ పట్టణంలో స్థిరపడి, మాంసం ప్యాకింగ్ కర్మాగారంలో కార్మికునిగా పనిచేస్తూ సంగీతం కొనసాగించారు.

షికాగోలో ప్రసిద్ధమైన చెస్ రికార్డ్స్ ఆయనకు అవకాశం ఇవ్వలేదు. 1953లో ప్రారంభమైన వీ-జే రికార్డ్స్ ఆయనను చేరదీసింది. 1955లో ‘యూ డోంట్ హ్యావ్ టు గో’ విజయం సాధించడంతో రీడ్ పేరు దేశమంతటా వినిపించింది.

అప్పటి షికాగో బ్లూస్‌లో హార్మోనికాకు లిటిల్ వాల్టర్ పెట్టింది పేరు. వాద్యాన్నీ మైక్రోఫోన్‌నూ రెండు అరచేతుల మధ్య బంధించి, కింది, మధ్య రంధ్రాలలో ఊపిరి లోనికి పీలుస్తూ పలికించే గంభీరనాదం ఆ బాణీ ప్రత్యేకత. రీడ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఆయన చేతులు రెండూ గిటార్‌పై ఉండేవి. హార్మోనికా మెడకు తగిలించుకున్న తీగచట్రంలో ఉండేది. అరచేతులు మూసి తెరుస్తూ నాదాన్ని మార్చే వీలు లేనందున, చేయవలసినదంతా ఊపిరి, పెదవులు, నాలుకతోనే చేయవలసి వచ్చేది.

పది రంధ్రాల హార్మోనికాలో ప్రతి రంధ్రానికీ రెండేసి చొప్పున మొత్తం 20 రీడ్లు ఉంటాయి. ఒకటి ఊదినప్పుడు, మరొకటి పీల్చినప్పుడు పలుకుతుంది. 1 నుంచి 6 వరకు రంధ్రాలలో పీల్చే స్వరానిది హెచ్చు స్థాయి. 7 నుంచి 10 వరకు ఊదే స్వరానిది హెచ్చు స్థాయి. బ్లూస్‌కు ప్రాణమైన స్వరం వంపు, అంటే స్వరాన్ని కాస్త కిందికి జార్చడం, హెచ్చు స్థాయి స్వరంలోనే సాధ్యం. అందువల్ల ఎడమవైపు పీలుస్తూ, కుడివైపు ఊదుతూ స్వరాన్ని వంచవలసి ఉంటుంది.

పై రంధ్రాలలోని రీడ్లు పొట్టివి. వాటిని కదిలించడానికి సన్నని, నిలకడైన గాలి చాలు. ఊపిరి బుగ్గల నుంచి కాక పొత్తికడుపు నుంచి నెమ్మదిగా రావాలి, గొంతు తెరిచి ఉండాలి. పెదవులను బిగించకుండా వాద్యాన్ని నోటిలోకి కొంత లోతుగా తీసుకోవాలి. స్వరస్థాయి పెరిగేకొద్దీ నోటిలోపలి ఖాళీ చిన్నది కావాలి. ‘ఈ’ అని పలికేటప్పటివలె నాలుక ముందుభాగం పైకి లేస్తే ఆ ఖాళీ తగ్గుతుంది. ఆ స్థితిలో నాలుకను అంగిటికి ఇంకాస్త చేరువ చేస్తే స్వరం వంగుతుంది. ఈ మార్పు వెంట్రుకవాసి మాత్రమే. సాధకులు దీనిని మొదట 8, 9 రంధ్రాలపై, తక్కువ శ్రుతిగల జి లేదా ఏ వాద్యాలపై ప్రారంభించడం మేలు.

1957లో వెలువడిన ‘ఆనెస్ట్ ఐ డూ’ పాటలో ఈ విద్య స్పష్టంగా వినిపిస్తుంది. లయ తాపీగా సాగుతుంటే, పైన హార్మోనికా సన్నగా, జాలిగా జారుతుంది. ఎక్కడా బలప్రయోగం కనిపించదు. 1964లో రోలింగ్ స్టోన్స్ బృందం తమ తొలి ఆల్బమ్‌లో ఈ పాటను తిరిగి పాడింది. రీడ్ ‘బిగ్ బాస్ మ్యాన్’ పాటను ఎల్విస్ ప్రెస్లీ సైతం రికార్డు చేశారు.

వాద్యంలో చూపిన అదుపు ఆయన జీవితంలో కొరవడింది. మద్యపానం వ్యసనమైంది. పాటలోని మాటలు మరచిపోతే రికార్డింగ్ సమయంలో మేరీ పక్కనే ఉండి చెవిలో అందించేవారు. ఆ గుసగుస కొన్ని రికార్డులలో నేటికీ వినవచ్చు. 1957 ప్రాంతంలో మూర్ఛవ్యాధి సోకింది. తాగుడు వల్ల వచ్చిన వణుకుగా భావించడంతో చాలాకాలం దానికి సరైన చికిత్స అందలేదు.

చివరి సంవత్సరాలలో ఆయన మద్యం మానివేశారు. వైద్యం తీసుకుంటూ తిరిగి వేదికలెక్కారు. 1976 ఆగస్టు 29న కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో శ్వాస వైఫల్యంతో కన్నుమూశారు. మరో ఎనిమిది రోజులకు ఆయనకు 51 ఏళ్లు నిండేవి. 1991లో ఆయన పేరు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది.

పై రంధ్రాలు పలకక విసిగినవారు ‘ఆనెస్ట్ ఐ డూ’ను ఒకసారి శ్రద్ధగా వినడం మంచిది. ఆ స్వరాలకు ఎంత తక్కువ ఊపిరి సరిపోతుందో ఆ కొద్ది నిమిషాలలో తెలుస్తుంది.