గణితవేత్త ఆయిలరు

ఒకటికంటె పెద్దదై, ఒకటి చేతను తన చేతను తప్ప మరి యే సంఖ్య చేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. 7 ప్రధాన సంఖ్య యని చిన్న పిల్లలును చెప్పగలరు. కాని 2,14,74,83,647 ప్రధాన సంఖ్యయా, కాదా? ఈ ప్రశ్నను తేల్చిన మహనీయుడు లియొనార్డు ఆయిలరు.

ఆయన 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాసెలు నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడును తనవలె మతబోధకుడు కావలెనని ఆయన కోరిక. గణితాచార్యుడైన జోహాను బెర్నూలీ ఆ బాలుని ప్రతిభను గుర్తించి తండ్రిని ఒప్పించెను. 1727లో ఆయిలరు రష్యాకు పోయి సెంటు పీటర్సుబర్గు అకాడమీలో చేరెను. 1741 మొదలు 25 సంవత్సరములు బెర్లిను నగరమున పనిచేసెను.

1738 ప్రాంతమున ఆయన కుడికంటి చూపు పోయెను. 1766లో మరల పీటర్సుబర్గు చేరిన పిదప ఎడమకంటికి శుక్లము కమ్మెను. లోకమంతయు చీకటి యయ్యెను. 1771లో ఇల్లు అగ్నికి ఆహుతి కాగా, బాసెలు నగరమువాడే యైన ఒక పనివాడు మంటలలోనికి చొచ్చి ఆయనను మోసికొనివచ్చి కాపాడెను. ఇన్ని ఆపదలు కలిగినను ఆయన కృషి ఆగలేదు. ఆయన నోట చెప్పుచుండగా దగ్గరివారు వ్రాసికొనుచుండిరి.

ఆ దినములలోనే ఆయన పై సంఖ్యను విచారించెను. ముప్పదియొక్క రెండులను వరుసగా గుణించి, లబ్ధమునుండి ఒకటి తీసివేసినచో ఈ సంఖ్య వచ్చును. ఇది ప్రధాన సంఖ్య యని 1644లో మెర్సెన్ను అను ఫ్రెంచి సన్యాసి ప్రకటించెను గాని నిరూపణము చూపలేదు. పెద్దల మాటకైనను నిరూపణము కావలెనని ఆయిలరు ఎరుగును. ఫెర్మా అంతటి పండితుడు ప్రధాన సంఖ్య యని తలచిన 4,29,49,67,297ను 641 నిశ్శేషముగా భాగించునని ఆయన 1732లోనే చూపియుండెను.

మెర్సెన్ను మాటను పరీక్షింపవలెనన్నచో, 46,340 లోపలి ప్రధాన సంఖ్యలన్నిటితోను భాగించి చూడవలెను. అవి 4,792. చూపులేని వృద్ధునకు ఇది యెంత శ్రమ! అందుచే ఆయిలరు ముందుగా భాగహారమునకు పూనుకొనలేదు, ఆలోచించెను. ఈ సంఖ్యను భాగింపగల ప్రధాన సంఖ్య యేదైన నున్నచో, దానిని 248తో భాగింపగా శేషము 1 గాని 63 గాని కావలెనని తర్కముచే నిర్ణయించెను. 46,340 లోపల అట్టి ప్రధాన సంఖ్యలు నూరైనను లేవు. వానిలో నేదియు దానిని నిశ్శేషముగా భాగింపలేదు. కావున అది ప్రధాన సంఖ్యయే యని 1772లో ఆయన లోకమునకు తెలిపెను. ఆ పిదప చాలకాలము వరకు అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్య యెవ్వరికిని తెలియదు.

1783వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన ఆయిలరు పీటర్సుబర్గులో కన్నుమూసెను. ఆనాడు సైతము ఆయన క్రొత్తగా కనుగొనబడిన యురేనసు గ్రహపు కక్ష్యను గూర్చి చర్చించుచునే యుండెను.

2024లో గణనయంత్రముల సాయమున కనుగొనబడిన ప్రధాన సంఖ్యలో నాలుగు కోట్లకు మించిన అంకెలున్నవి. ఆయిలరునకు యంత్రములు లేవు, కన్నులును లేవు. వేల భాగహారములను నూరింటి లోపలికి తగ్గించినది ఆయన బుద్ధిబలమే. శ్రమకు పూనుకొనుటకు ముందు ఆలోచింపవలెననియు, నిరూపింపక దేనిని నమ్మరాదనియు ఆ మహనీయుని జీవితము మనకు బోధించుచున్నది.